ఇల్లు చూడవచ్చిన టోబీ

ఆత్మకూరులో గురుస్వామి కొట్టు ముందు మాల్యాద్రి పెంచలమ్మను మొదటిసారి చూసినప్పుడు ఆమె చేతిలో ఒక కుక్క తోక ఉంది. మిగతా కుక్క అతని బండిమీది ఊక బస్తాలో ఉంది.

"నీ కుక్కేనా?" అన్నాడు మాల్యాద్రి.

"తోక వరకు నాదే. లోపల ఏం చేస్తా ఉండాదో నాకు తెలీదు," అంది ఆమె పట్టు వదలకుండా. "చూస్తా నిలబడకపోతే వచ్చి ఒక చెయ్యి వెయ్యరాదా?"

"నా బస్తా చింపతా ఉండేది అది. మళ్ళీ నేను సాయం కూడా చెయ్యాల్నా?"

"బస్తా మిగలాలంటే చెయ్యాల."

ఆ మాటలో న్యాయం ఉన్నట్టు తోచి మాల్యాద్రి చేయి వేశాడు. ఇద్దరూ కలిసి లాగారు. బస్తా పర్రున చిరిగి ఊకంతా ఇద్దరి తలలమీద పడింది. కుక్క నోట ఎలుకతో బయటికొచ్చి, దాన్ని బాగా విదిలించి, చచ్చిందని నమ్మకం కుదిరాక తెచ్చి మాల్యాద్రి పాదంమీద పెట్టింది.

తెల్లటి కుక్క. ఒక చెవి మాత్రం గోధుమరంగు. మన ఊరకుక్కలో సగం కూడా ఉండదు. నిలబడ్డ తీరు చూస్తే మాత్రం నెల్లూరు జిల్లా మొత్తం దాని చేతికింద ఉన్నట్టుంది.

"నీకే ఇచ్చింది," అంది పెంచలమ్మ జుట్టులో ఊక దులుపుకుంటూ. "నచ్చినోళ్ళకే ఇస్తాది. పోయిన వారం మా పురోహితుడికి ఇచ్చింది. ఆయన ఇంకా స్నానాలు చేస్తానే ఉండాడు."

ఆమె నవ్వలేదు. కళ్ళు మాత్రం నవ్వాయి. పాదంమీద చచ్చిన ఎలుక ఉందన్న సంగతి మాల్యాద్రి మరిచిపోయాడు.

"ఏ ఊరు మీది?"

"ఉదయగిరి కొండ కింద."

"పగలంతా బండి తోలుకొచ్చి ఊక కొంటా ఉండావా? మీ పక్క వడ్లు దంచుకోరా?"

"ఇటికలు కాల్చే ఆవానికి," అన్నాడు మాల్యాద్రి. "ఆత్మకూరు ఊక బాగా మండుతాదని మా నాయన చెప్పినాడు."

కొట్టు లోపల్నుంచి గురుస్వామి దగ్గాడు. పెంచలమ్మ బస్తాలవైపు చూసి, మాల్యాద్రి కట్టుకొచ్చిన కొత్త పంచెవైపు చూసింది.

"మండుతాదిలే," అని కుక్కను చంకన పెట్టుకొని వెళ్ళిపోయింది.

చెప్పొద్దూ, అది అబద్ధం. మాల్యాద్రి వాళ్ళింట్లో ఇటుక అవసరం ఎవరికీ లేదు.

ఆ ఏటి పేరు బహుధాన్యం. పంచాంగం రాసినవాళ్ళు ఎలుకల్ని లెక్కలోకి తీసుకోలేదు. అంతకుముందు ధాత, ఈశ్వర నామ సంవత్సరాలు రెండూ వానల్లేక, ఊళ్ళకు ఊళ్ళు బ్రహ్మజెముడు కాయలు తిని, అవీ దొరక్క చచ్చిపోయాయి. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నోట మాట రాదు. తర్వాత వానలు పడ్డాయి, పైర్లు ఎదిగాయి, జనం కళ్ళు తుడుచుకున్నారు. సరిగ్గా కంకి గట్టిపడే వేళకు ఎలుకలు దండుగా వచ్చి కోతలు కోసుకుపోయాయి. మనుషులకు గడ్డి మిగిలింది.

ఇంతలో మాఘమాసం వచ్చింది. కరువులో ఆగిపోయిన పెళ్ళిళ్ళన్నీ ఒక్కసారి పైకి లేచాయి. పెళ్ళికి ముందు ఇల్లు చూడటం అనే ఆచారం ఒకటుంది కదా. పిల్ల తరఫు పెద్దలు పిల్లవాడి ఇంటికి వచ్చి దొడ్డి చూస్తారు, గడ్డివామి చూస్తారు, ముఖ్యంగా గాదె చూస్తారు. వెదురు తడికె అల్లి, మట్టీ పేడా మెత్తి, మనిషెత్తు కట్టిన వడ్ల గాదె. పై మూత తీసి చెయ్యి పెట్టి గింజలు గుప్పిట్లోకి తీసుకొని తల ఊపుతారు. అడుగుదాకా ఎవరూ చూడరు. అలా చూడటం మర్యాద కాదు.

కాబట్టి మర్యాదస్తులందరూ అడుగున ఊక పోసి పైన రెండు జానలు వడ్లు పరిచారు. ఆ మాఘంలో వడ్లకన్నా ఊకకే గిరాకీ. గురుస్వామి బేరం మొదలుపెట్టగానే అడిగే మొదటి ప్రశ్న ఒకటే.

"ఆవానికా, పెండ్లికా?"

ఆవానికైతే తడిసింది చాలు. పెళ్ళికైతే పొడి ఊక కావాలి, గాదె నిండుగా ఉబ్బాలి. ఈ గురుస్వామే సంబంధాలు కూడా చెప్పేవాడు. ఎవరి గాదెలో ఏముందో అతనికి తెలిసినంతగా మరొకరికి తెలియదు కాబట్టి ఆ పనికి అతనే తగినవాడని అందరూ ఒప్పుకునేవారు.

మాల్యాద్రి తండ్రి చెంచురామయ్యకు తాతల నాటినుంచి గాదె ఖాళీ అయిన చరిత్ర లేదు. కరువులో వాకిట్లో పొయ్యి పెట్టి వచ్చినవాళ్ళకల్లా గంజి పోశాడు. పక్కింటాయన పోస్తున్నాడు కాబట్టి పోశాడని గిట్టనివాళ్ళు అనేవారు. ఎందుకు పోసినా తాగినవాళ్ళు బతికారు, గాదె ఖాళీ అయింది. గంజి పోసినందుకు ఆయన ఎక్కడా గొప్ప చెప్పుకోలేదు. గాదె ఖాళీ అయినందుకు మాత్రం తలెత్తుకోలేకపోయాడు.

"ఎవురితోనన్నా అంటే నాలిక కోస్తా," అని కొడుకుతో చెప్పి ఊకకు పంపింది ఆయనే.

ఊక దింపిన మర్నాడే మాల్యాద్రి తల్లి మాలకొండమ్మ దగ్గర కూర్చొని, ఆత్మకూరులో ఒక పిల్ల ఉందనీ, పేరు తెలియదనీ, కుక్క ఉందనీ చెప్పాడు. ఆమె భర్తకు చెప్పింది. ఆయన గురుస్వామికి కబురుపెట్టాడు.

"దొర కుక్క ఇల్లా? నారాయణయ్యగారిది. గాదె నిండుగా ఉండాది. నేను పూచీ," అని గురుస్వామి ధైర్యం చెప్పాడు.

ఆ కుక్క కథ ఇది. కరువు పనుల్లో చెరువుకట్ట వేయించడానికి ఒక దొర ఆత్మకూరులో గుడారం వేసి ఉన్నాడు. నారాయణయ్య దొరకు పాలు, గుడ్లు పంపేవాడు. వెళ్ళేటప్పుడు బిరుదు కాకపోయినా ఒక సర్టిఫికెట్టయినా ఇస్తాడని ఆశపడ్డాడు. దొర చేయి ఊపి కుక్కనిచ్చాడు. టెరియరు జాతి, పేరు టోబీ, వాళ్ళ దేశంలో బొరియల్లో దూరి నక్కల్ని, ఎలుకల్ని పట్టే పని దానిదని బట్లరు చెప్పాడు. నారాయణయ్య దాన్నే సర్టిఫికెట్టుగా భావించి వచ్చినవాళ్ళకల్లా చూపించేవాడు.

పెంచలమ్మకు మాత్రం అది సర్టిఫికెట్టు కాదు. దొర కుక్కనిచ్చిన నెలలోనే వాళ్ళమ్మ కలరాతో పోయింది. ఇంట్లో తండ్రి, అవ్వ, తను. ముగ్గురూ మాట్లాడుకోవడం మానేశారు. టోబీ వచ్చి వంటింట్లో నేల తవ్వి, అవ్వ ముక్కుపొడి డబ్బీ ఎత్తుకుపోయి, నారాయణయ్య చెప్పు నమిలి, ఆ ముగ్గురినీ మళ్ళీ అరుచుకునేలా చేసింది. అరుచుకోవడం మొదలైతే మాట్లాడుకోవడం ఎంతో దూరం ఉండదు.

పెళ్ళిచూపులకు చెంచురామయ్య కుటుంబం ఆత్మకూరు వచ్చింది. పెద్దలు ఒకరినొకరు అప్పుడే "బావా" అనుకోవడం మొదలుపెట్టారు. నారాయణయ్య గాదె చూపించాడు. చెంచురామయ్య దాని మూత తీసి గింజలు గుప్పిట పట్టి, "బంగారం బావా," అన్నాడు.

మాల్యాద్రి ఎడ్లకు నీళ్ళు పెట్టే వంకతో దొడ్లోకి వెళ్ళాడు. పెంచలమ్మ అప్పటికే అక్కడ, గాదెకు వీపు ఆనించి నిలబడి ఉంది. సన్నగా చినుకులు పడుతున్నాయి. మాఘంలో వాన ఏమిటని ఇద్దరూ ఆకాశంవైపు చూశారు, ఒకరినొకరు చూసుకోవడానికి ధైర్యం చాలక.

"ఆవం అంటించినారా?" అంది ఆమె.

"ఇంకా లేదు."

"నేనొక మాట చెప్పాల. నేనొస్తే టోబీ కూడా వస్తాది."

"మా అమ్మకు కుక్క గడప దాటితే ఆ రోజు వంట పారబోసే అలవాటు."

"అయితే రోజూ పారబోసుకోవాల. ఇది వాకిట్లో ఉండే కుక్క కాదు. పని లేకపోతే ఇల్లు తవ్వుతాది."

"పని ఉంటే?"

"అప్పుడూ ఇల్లే తవ్వుతాది. ఎలుకలుండేది ఇంట్లోనే కదా."

"కరుస్తాదా?"

"దాని పనికి అడ్డమొస్తే కరుస్తాది."

"మొరుగుతాదా?"

"నువ్వు తుమ్మినా మొరుగుతాది."

"ఇంత మంచి కుక్కను ఎవురు వద్దంటారు," అన్నాడు మాల్యాద్రి. ఆమె ఈసారి నిజంగానే నవ్వింది. చినుకు ఆమె పెదవిమీద పడింది. అతనికి ఆ పిల్ల తప్ప ఇంకెవరూ వద్దని ఆ క్షణంలోనే తెలిసిపోయింది.

నవ్వు ఆగాక ఆమె గొంతు తగ్గించింది.

"నాకు వడ్లు లేకపోయినా పర్లేదు. కరువులో చింతాకు ఉడకేసుకొని బతికినోళ్ళం. చెప్పే మాట ఒకటి, ఉండేది ఒకటి అయితే మాత్రం నేను ఉండలేను. మీ గాదెలో వడ్లు ఉండాయా?"

నిజం నోటిదాకా వచ్చింది. తండ్రి మొహం కళ్ళముందు కనిపించింది.

"ఉండాయి," అన్నాడు మాల్యాద్రి.

ఆమె గాదెను వదిలి ముందుకు జరిగింది.

"సరే. మావాళ్ళు ఇల్లు చూసేదానికి వచ్చినప్పుడు టోబీని కూడా పంపుతాను. నేను రాకూడదు కదా. నా బదులు అది చూస్తాది."

అతను ఎడ్లకు నీళ్ళు పెట్టకుండానే తిరిగొచ్చాడు.

ఆడపిల్ల తరఫున కుక్క ఇల్లు చూడటానికి వస్తోందన్న వార్త బండికన్నా ముందే ఉదయగిరి చేరింది. జనం కొండ దిగి వచ్చారు. నారాయణయ్య, ఆయన తల్లి దేవకమ్మ బండి దిగారు. టోబీ దూకింది.

"మా అమ్మాయి తరఫున వచ్చింది. మా ఇంటి మనిషే అనుకోండి బావా," అన్నాడు నారాయణయ్య గర్వంగా. "దొరగారి దగ్గర పెరిగింది. కింద కూర్చొనేది అలవాటు లేదు."

చెంచురామయ్య ఒక్క క్షణం తటపటాయించి నులకమంచంమీద దుప్పటి పరిపించాడు. ఆ మంచంమీద అంతకుముందు తహసిల్దారు తప్ప బయటివాళ్ళెవరూ కూర్చోలేదు. టోబీ ఎక్కి, మూడు చుట్లు తిరిగి, తహసిల్దారు కూర్చున్నచోటే కూర్చుంది.

పళ్ళేల్లో ఏమీ రాలేదు. అది మర్యాదలోపం కాదు. సంబంధం ఖాయమయ్యేదాకా ఒకరింట్లో ఒకరు మెతుకు ముట్టకూడదు, మజ్జిగ కూడా తాగకూడదు. తిన్నారంటే ఖాయమైనట్టే. అందువల్ల అందరూ ఖాళీ చేతులతో కూర్చొని ఎండ గురించి మాట్లాడుకున్నారు.

"గాదె చూద్దామా బావా," అని చెంచురామయ్య లేచాడు.

మూత తీశారు. నారాయణయ్య గింజలు గుప్పిట్లోకి తీసుకొని తల ఊపబోయాడు. సరిగ్గా అప్పుడే టోబీ మంచం దిగి, ముక్కు నేలకు ఆనించి, గాదె చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి ఒకచోట ఆగింది. చెవులు నిక్కాయి. ఊకంత మెత్తటి పడక, పైన రెండు జానల భోజనం. ఉదయగిరి ఎలుకలకు అంతకన్నా మంచి ఇల్లు ఎక్కడ దొరుకుతుంది? టోబీ ముందుకాళ్ళతో గాదె అడుగు తవ్వడం మొదలుపెట్టింది. మట్టి మెత్తు పెళ్ళలు పెళ్ళలుగా ఊడిపడింది.

"ఒరే, పట్టుకోరా దాన్ని," అన్నాడు చెంచురామయ్య. ఆయన గొంతు వణకడం మాల్యాద్రి వినడం అదే మొదటిసారి.

మాల్యాద్రి పరుగెత్తి టోబీని రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు. తడికె ఇంకా తెగలేదు. లోపల ఉన్నది లోపలే ఉంది. పరువు నిలిచినట్టే. టోబీ గింజుకుంది, అరిచింది, చివరికి పనికి అడ్డమొచ్చిన చేతిని కసుక్కున కరిచింది. అతను వదల్లేదు. ఎదురుగా దేవకమ్మ అతన్నే చూస్తోంది. తిరిగి వెళ్ళి మనవరాలికి గాదె నిండుగా ఉందని చెబుతుంది. పెంచలమ్మ ఆ మాట నమ్మి బండెక్కి వస్తుంది. ఎప్పుడో ఒక రోజు వడ్లు తీయడానికి గాదెలోకి చెయ్యి పెడుతుంది.

"నాయనా," అన్నాడు మాల్యాద్రి. "దీన్ని వదిలేస్తా ఉండాను. అవ్వా, లోపల ఊక ఉండాది. పైన రెండు జానలే వడ్లు. మీ ఆత్మకూరు నుంచి నేనే తోలుకొచ్చినాను. మీ మనవరాలు అడిగితే వడ్లు ఉండాయని అబద్ధం చెప్పినాను."

టోబీని కిందికి దించాడు. అది వెళ్ళి మిగిలిన పని పూర్తిచేసింది. ఊక జరజరా వాకిట్లోకి జారింది. చెంచురామయ్య దాన్ని చూస్తూ అలాగే కూలబడ్డాడు. ఆ మొహం చూసి మాల్యాద్రికి ఏడుపొచ్చింది.

అందరికన్నా పెద్దగా అరిచింది నారాయణయ్య. "ఏందయ్యా ఇది? ఊక చూపించి ఆడపిల్లను తెచ్చుకుంటారా? పరువుగల ఇళ్ళల్లో జరిగే పనేనా?" అంటూ పైగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. బావ అప్పటికే అయ్య అయిపోయాడు. పక్కన దేవకమ్మకు ఎందుకో దగ్గు పట్టుకొని ఎంతకీ వదల్లేదు.

ఈ గొడవలో టోబీ ఎలుకల మీద ఎలుకల్ని పట్టి మాలకొండమ్మ కాళ్ళముందు వరసగా పేర్చింది. నెలల తరబడి ఆ ఎలుకలు ఆమె గిన్నెలు దొర్లించాయి, పట్టుచీర కొరికాయి. ఆమె కళ్ళు చెమర్చాయి. మగవాళ్ళ పరువు గోల ఆమెకు వినిపించలేదు. వంటింట్లోకి వెళ్ళి మట్టి చిప్పలో సజ్జ సంగటి, పైన ఇంత మజ్జిగ తెచ్చి పెట్టింది. టోబీ చిప్ప నాకి శుభ్రం చేసింది.

కూలబడ్డ చెంచురామయ్య తలెత్తాడు. పోవడానికి ఇంకేమీ మిగలని మనిషికి ఎక్కడలేని తెలివి వస్తుంది.

"అయ్యా, ఒక్క మాట. మీవాళ్ళు మా ఇంట సంగటి తిన్నారు."

"ఎవురు తిన్నారు?"

"అదుగో. చిప్ప కూడా మిగల్చలేదు."

"అది కుక్కయ్యా."

"మీ ఇంటి మనిషే అనుకోమన్నది ఎవురు? పిల్ల తరఫున వచ్చిందన్నది ఎవురు? నేను మంచం వేసినాను. కుక్కయితే మంచం ఎందుకు వేయించినావు?"

"మాటవరసకు అన్నాను. కుక్క కుక్కే. ఎలుకల కోసం పెంచేది."

పొద్దున దాన్ని కుక్క అనుకున్నది చెంచురామయ్య, మనిషి అన్నది నారాయణయ్య. మధ్యాహ్నానికి ఇద్దరూ మాటలు మార్చుకున్నారు. ఊరి పెద్దలు రెండు పక్షాలుగా చీలి, ఇంట్లో పడుకునేది ఇంటి మనిషేనని కొందరు, ఎలుకను తినేది ఎలా మనిషవుతుందని కొందరు, తినదు, చంపుతుందంతేనని ఇంకొందరు వాదించుకున్నారు. వాకిట్లో ఊక ఉందన్న సంగతి ఎవరికీ గుర్తులేదు.

దేవకమ్మకు దగ్గు తగ్గింది.

"ఇది మీతో తెగేది కాదురా. దాన్ని పంపింది పిల్ల. అది తిన్నది లెక్కకొస్తాదో రాదో పిల్లనే అడుగుదాం. బండి కట్టించు," అని కొడుకుతో అంది.

బండి కట్టారు. టోబీ మాత్రం రాలేదు. గాదె కింది బొరియలో దూరి, తోక కూడా కనిపించకుండా పని చేసుకుంటోంది. "నో" అన్నారు, "కమాన్" అన్నారు. దొర భాష కూడా దానికి ఎక్కలేదు. చివరికి దాన్ని వదిలేసి వెళ్ళారు.

అది బయటికి వచ్చేసరికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ చెంచురామయ్య కొడుకుతో మాట్లాడలేదు. మూడోనాడు మాల్యాద్రి చేతికి పసుపుగుడ్డ కట్టుకొని, టోబీని బండిలో ఎక్కించుకుంటుంటే ఆయనే గడపదాకా వచ్చాడు.

"ఏమంటాదో అడిగి రా. వద్దంటే మారు మాట్లాడాకు. మనది తప్పు," అన్నాడు. మాల్యాద్రికి తండ్రిమీద అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

ఆత్మకూరులో నారాయణయ్య అరుగుమీదే ఉన్నాడు. "కుక్కను దించి పో," అన్నాడు మొహం చూడకుండా. చప్పుడు విని పెంచలమ్మ బయటికొచ్చింది, వెనకే దేవకమ్మ. టోబీ పెంచలమ్మమీదికి ఎగిరి దూకి ఆమె చెవులు నాకింది.

"నువ్వే చెప్పినావంట," అంది ఆమె కుక్కను దింపుతూ.

"నేనే."

"ఎందుకు? టోబీ ఎట్లా బయటపెట్టేదే కదా."

"అది బయటపెట్టుంటే గాదె సంగతి నీకు తెలిసేది. నా సంగతి తెలిసేది కాదు." మాల్యాద్రి నారాయణయ్యవైపు చూసి, ఇక ఆగి లాభం లేదనుకున్నాడు. "నాకు నువ్వు కావాల. దొడ్లో అడిగినప్పుడే చెప్పుండాల. చెప్తే రావని భయపడినాను. ఇప్పుడు భయం పోయింది. వస్తావో రావో నీ ఇష్టం."

"రాదు," అన్నాడు నారాయణయ్య. "ఊక ఇంటికి నా బిడ్డ రాదు. మాకొక పరువుండాది."

పెంచలమ్మ చూరులోని కొడవలి తీసుకుంది. వాకిలి దాటి దొడ్లోకి వెళ్ళింది. ఆమె నడక చూసి నారాయణయ్య గబుక్కున లేచాడు. "అమ్మణ్ణీ, వద్దు," అంటూ వెంటపడ్డాడు. మాల్యాద్రికి ఏమీ అర్థంకాక వాళ్ళ వెనకే వెళ్ళాడు.

వడ్లు తీసుకోవడానికి గాదె అడుగున ఒక కంత ఉంటుంది. దాంట్లో గడ్డి కుక్కి పైన పేడ మెత్తుతారు. పెంచలమ్మ కొడవలి మొనతో పేడ పెకిలించి, గడ్డి లాగేసింది.

ఊక. ధారగా, ఆమె పాదాలమీదుగా, మాల్యాద్రి పాదాలదాకా వచ్చింది. ఆ ఇంట్లో టోబీ ఎప్పుడూ గాదె తవ్వలేదు. ఒక్క ఎలుకనైనా అది బతకనిచ్చి ఉంటే కదా.

"ఏం పని ఇది?" అన్నాడు నారాయణయ్య. అరుపు రాలేదు ఆయనకు.

"నాయనా, ఆయన వాళ్ళ నాయన ముందర, ఊరందరి ముందర చెప్పినాడు. నేను నీ ముందరన్నా చెప్పకపోతే ఆ ఇంటికి ఏ మొగం పెట్టుకొని పోయేది?" పెంచలమ్మ కొడవలి కింద పెట్టింది. మాల్యాద్రివైపు తిరిగింది. "ఆ పొద్దు మీ గాదెలో వడ్లు ఉండాయా అని అడిగినప్పుడు నేను ఈ గాదెకే ఆనుకొని ఉండాను. నువ్వు లేవని చెప్తే నేనూ చెప్దామనుకున్నాను. ముందు నీతో చెప్పించాలని చూసినాను. అది నా తప్పు."

 నారాయణయ్య ఊక పక్కన గొంతుక్కూర్చొని, సిగ్గుతో తల ఎత్తలేక చేతివేళ్ళతో ఊకను కెలుకుతూ ఉండిపోయాడు. కెలికేకొద్దీ ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. గుప్పెడు తీసి అరచేతిలో పోసుకొని నోటితో ఊదాడు. ఊక ఎగిరిపోయింది. అరచేతిలో సగం అలాగే ఉంది.

"ఇసక," అన్నాడు.

"మాకూ అంతే," అన్నాడు మాల్యాద్రి. "మొన్న వాకిట్లో చిమ్మితే గంపలకొద్దీ వచ్చింది."

"పొడి ఊక, పెండ్లి ఊక అని ఒట్టేసి చెప్పినాడే ఆ గురుస్వామి!" నారాయణయ్య లేచి నిలబడ్డాడు. తల దానంతటదే పైకి లేచింది. "నమ్మి వచ్చినోళ్ళకు ఇసక కలిపి అమ్ముతాడా? ఏమన్నా నీతి ఉండాల్నా లేదా మనిషికి? మీ నాయనకు తెలుసునా ఈ సంగతి?"

"తెలుసు. రెండు రోజులుగా అదే తిట్టుకుంటా ఉండాడు."

"తిట్టుకోడా మరి. పరువుగల మనిషి." నారాయణయ్య పైగుడ్డ భుజాన వేసుకున్నాడు. "మా బావను రమ్మని కబురుపెట్టు అల్లుడా. ఇద్దరం కలిసి వాడి కొట్టు ముందర కూర్చుంటాం. అమ్మా, అబ్బయ్యకు సంగటి పెట్టు. నేను వాడితో ఒక మాట మాట్లాడి వస్తాను."

ఆయన వీధిలోకి వెళ్ళిపోయాడు. వెంట ఎందుకో టోబీ కూడా బయలుదేరింది, గురుస్వామి కొట్టులో ఎలుకలు ఎక్కువ కాబట్టి కావచ్చు. దేవకమ్మ సంగటి పెట్టడానికి లోపలికి వెళుతూ, వాకిలి తలుపు తెరిచే ఉంచి, వీలైనంత నెమ్మదిగా నడిచింది.

పెంచలమ్మ మాల్యాద్రి చేతిని, దాని చుట్టూ ఉన్న పసుపుగుడ్డను చూసింది.

"టోబీనేనా?"

"ఊఁ."

"నొప్పిగా ఉండాదా?"

"లేదు," అన్నాడు మాల్యాద్రి.

ఆమె అతని కళ్ళలోకే చూస్తూ నిలబడింది.

"ఉండాది," అన్నాడు. "బాగా ఉండాది."

"చూపించు," అని పెంచలమ్మ ఆ చేతిని తన చేతుల్లోకి తీసుకుంది.